రెడీమేడ్ జౌస్టింగ్ సెట్టు: బల్లెం ఉంచుకోండి, జీను వెనక్కి పంపండి

జౌస్టింగ్ అంటే ఇద్దరు రౌతులు గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో కొట్టుకునే పాతకాలపు యూరప్ ఆట. దానికి పదిహేనో శతాబ్దపు నైటు, అంటే కవచం తొడిగిన గుర్రపు యోధుడి, సరంజామా మొత్తం ఒకే ఆర్డరులో అంటూ అమ్మే సెట్ల గురించి ఈ సమీక్ష. కప్పనోరు హెల్మ్ (తల మొత్తం మూసే ఇనుప శిరస్త్రాణం), ఛాతీ కవచం, వీపు కవచం, ఎడమ చేతికి ఇనుప తొడుగు, భుజం డాలు, లోపల వేసుకునే బొంతకోటు, మూడు ముక్కల బల్లెం, ఎత్తు జీను, గుర్రానికి ముఖకవచం, ఒంటినిండా కప్పే రంగుల బట్ట. ఇన్నీ వస్తాయి. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ తరహా సెట్లు ఎవరు అమ్మినా కొలతలూ లోపాలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి పేరు చెప్పి ప్రయోజనం కూడా లేదు.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. ఊరేగింపుకీ ఫొటోలకీ గుర్రం మీద నెమ్మదిగా తిరగడానికీ సెట్టు బాగానే పనికొస్తుంది. ఎదురుగా మరో రౌతు బల్లెం పట్టుకుని దూసుకొచ్చే ఆటకి మాత్రం వచ్చింది వచ్చినట్టు వాడకూడదు. చూపుకి ఏ వస్తువులోనూ పెద్దగా వంక లేదు. దెబ్బ తగిలాక ఆ బలం ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలన్నది మాత్రం తయారుచేసినవాళ్లు ఆలోచించలేదు. కింద ప్రతి వస్తువునీ ఆ ఒక్క ప్రశ్నతోనే చూశాం.

లోపాలు అర్థం కావాలంటే ఆట ఏర్పాటు ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఇద్దరు రౌతుల మధ్య టిల్ట్ అనే అడ్డుకంచె ఉంటుంది. 15వ శతాబ్దం తొలినాళ్లలో తాడు మీద బట్ట వేలాడదీసేవారు, తర్వాత చెక్కతో కట్టారు. ఇద్దరూ ఒకరికొకరు ఎడమ వైపుగా దాటుతారు. బల్లెం కుడి చంకలో ఇరికించి, గుర్రం మెడ మీదుగా ఎడమకి ఏటవాలుగా, సుమారు 25–30 డిగ్రీల కోణంలో పెడతారు. అంటే దెబ్బలన్నీ ఎడమ భుజం మీద, ఎడమ ముందువైపు నుంచే వస్తాయి. కుడి ఎడమలు ఒకేలా చేసిన కవచం కనిపించిందంటే చేసినవాళ్లకి ఈ ఆట తెలియదనే లెక్క.

హెల్మ్

సెట్టులో అన్నిటికన్నా అందంగా ఉండేది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ అనుమానించాల్సిందీ ఇదే. కప్పనోరు హెల్మ్‌లో కింది రేకు పెదవిలా ముందుకి పొడుచుకొస్తుంది, పై రేకు దాని వెనకగా ఉంటుంది. మధ్యలో కళ్ల సందు. రౌతు ముందుకి వాలితేనే ఎదుటివాడు కనిపిస్తాడు. దెబ్బకి క్షణం ముందు వెన్ను నిటారు చేస్తే సందు పైకి తిరిగిపోతుంది, బల్లెం దారిలో ఉండదు. ఒకవేళ మొన డాలు మీద జారి పైకి వచ్చినా, పెదవిని రాసుకుంటూ వెళ్లి పై రేకు నునుపు మీద పడి దాటిపోవాలి. ఇదంతా కింది పెదవి ఎంత ముందుకి ఉందనే దాని మీదే ఆధారపడి ఉంది.

చవక సెట్లలో ఆ పెదవి పై అంచుతో దాదాపు సమానంగా ఉంటుంది. ఉక్కు రేకుని అంత లోతుగా మలచడం కష్టం, ఖర్చు. అందుకని ఆకారం పైపైన తెచ్చి, సందు కోసి వదిలేస్తారు. ఎదురుగా నిలబడి చూస్తే తేడా తెలియదు, పక్క నుంచి చూడాలి. పరీక్ష ఇలా చేయండి: హెల్మ్‌ని ఛాతీ కవచానికి బిగించి, రౌతు నిటారుగా కూర్చున్నప్పుడు ఉండే కోణంలో బల్ల మీద నిలబెట్టండి. పెన్సిలంత లావు కర్ర తీసుకుని, ఎడమ ముందువైపు నుంచి, ఛాతీ మీదుగా పైకి జార్చుతూ పెదవి దాటించండి. కర్ర మొన పై రేకు మీదకెక్కి జారిపోతే సరే. సందులో దూరినా, పై అంచుకి తట్టుకుని ఆగినా అది ఊరేగింపు హెల్మ్ మాత్రమే.

సందు 20 మి.మీ. దాకా ఉంటే లోపలి నుంచి రేకు ముక్క రివెట్ చేసి 10 మి.మీ.కి తగ్గించవచ్చు. పెదవి సరిగా ఉన్న హెల్మ్‌కి అది అదనపు జాగ్రత్త, పెదవి లేని హెల్మ్‌ని మాత్రం అది కాపాడలేదు. విరిగిన బల్లెం పేళ్లు సన్నగా ఉంటాయి, చిన్న సందైనా దూరతాయి. 1559 జూన్ 30న పారిస్‌లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ ముఖకవచంలోంచి దూరినవి విరిగిన బల్లెం పేళ్లే. పది రోజుల తర్వాత, జులై 10న ఆయన చనిపోయాడు. అది గట్టి కలప, పాతకాలం అనుకుంటే 2007లో ఇంగ్లండ్‌లో ఒక టీవీ కార్యక్రమం చిత్రీకరణలో బాల్సా అనే తేలికపాటి మెత్తని కలప మొన పేడే కళ్ల సందులోంచి దూరి ఒకరి ప్రాణం తీసింది. బాల్సా మెత్తన కదా అనే ధీమా హెల్మ్ విషయంలో పెట్టుకోవద్దు.

రెండో పెద్ద లోపం బిగింపు. ఈ హెల్మ్ తల మీద పెట్టుకునేది కాదు, ఛాతీ కవచానికీ వీపు కవచానికీ బిగించేది. దెబ్బ హెల్మ్‌కి తగిలితే బలం మొత్తం మొండేనికి పోవాలి, లోపల తల స్వేచ్ఛగా ఉండాలి. సెట్టులో ముందొకటి వెనకొకటి 20 మి.మీ. తోలు పట్టీలు, ఒక్కో పట్టీకి ఒక్క రివెట్. అవి సాగుతాయి. సాగితే హెల్మ్ వెనక్కి వాలి నడినెత్తి మీద కూర్చుంటుంది, ఆ తర్వాత దెబ్బ భారమంతా మెడ మీదే. ముందువైపు 3 మి.మీ. ఉక్కు గొళ్లెం, దానికి లాగితే ఊడొచ్చే సీల పెట్టించండి. వెనక 40 మి.మీ. వెడల్పు పట్టీ, కనీసం మూడు రివెట్లు, లోపలివైపు వాషర్లు. సీల ఇనుప గ్లవ్‌తో కూడా ఒక్క గుంజుకి రావాలి. కిందపడ్డ రౌతు హెల్మ్ తీయడానికి పక్కనున్నవాళ్లు స్క్రూడ్రైవర్ వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

బిగించాక నెత్తికీ రేకుకీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. ముక్కు దేనికీ తగలకూడదు. తలకి బొంత టోపీ విడిగా ఉండాలి, దాన్ని హెల్మ్‌కి ఉన్న రంధ్రాల్లోంచి తాళ్లతో కట్టాలి. సెట్టుతో వచ్చే నురుగు ముక్కలు జిగురుతో అంటించినవి, చెమట తగిలాక రెండోసారికే ఊడిపోతాయి.

గాలి రంధ్రాలు రెండు వైపులా పొడిచి ఇస్తున్నారు. ఎడమ వైపువి లోపలి నుంచి రేకుతో మూసేయండి. పాత హెల్మ్‌లలో గాలి దారి చాలావరకు కుడి చెంపకే ఉంటుంది, కారణం పైన చెప్పిందే.

ఛాతీ కవచం, డాలు

రేకు 1.5 మి.మీ. మైల్డ్ స్టీలు. నడిచి పోట్లాడే ఆటలకి చాలు. బల్లెం దెబ్బకి ఎడమ వైపు సొట్టపడుతుంది, సొట్ట లోపలికి వచ్చి పక్కటెముకల్ని నొక్కుతుంది. ఎడమ రొమ్ము, భుజం కప్పేలా 2 మి.మీ. అదనపు పలక వేసుకోవాలి. అప్పట్లోనూ అలాగే చేసేవారు.

కుడి వైపు బల్లెం ఆనించే కొక్కెం ఒకటి ఉంటుంది. ఈ సెట్లలో అందరూ మొదట చూపించేది దాన్నే, నిజానికి పనికిరానిది కూడా అదే. అసలు కొక్కెం పని కేవలం బరువు మోయడం కాదు. బల్లెం మీద, చేతి వెనక, గ్రాపర్ అనే గట్టి పట్టీ ఉంటుంది. దెబ్బ తగలగానే ఆ పట్టీ వెనక్కి జరిగి కొక్కేనికి తగులుకుంటుంది, అప్పుడు రౌతు, గుర్రం బరువంతా మొనకి చేరుతుంది. సెట్టు బల్లేనికి గ్రాపరే లేదు, కాబట్టి కొక్కెం ఉత్త అలంకారం. ఒక రకంగా మంచిదే. గ్రాపర్ లేకపోతే బల్లెం చంకలో కొంత వెనక్కి జారి దెబ్బ తగ్గుతుంది, కొత్తవాళ్లకి అదే క్షేమం. సొంతంగా గ్రాపర్ బిగించి కొక్కేన్ని పనిచేయిద్దాం అనుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి: ఆ కొక్కేన్ని పట్టుకున్నవి రెండు చిన్న బోల్టులు, వాటి వెనక దన్ను పలక లేదు. గట్టి దెబ్బకి రేకు చినిగి బోల్టులతో సహా ఊడొస్తుంది.

డాలు 6 మి.మీ. ప్లైవుడ్, మీద నిగనిగలాడే రంగు. రెండూ తప్పే. పలచటి ప్లైవుడ్ చీలి దాని పేళ్లే గొంతు వైపు లేస్తాయి. నున్నటి రంగు మీద మొన నిలబడక పైకి జారుతుంది, పైన ఉన్నది హెల్మ్. 12 మి.మీ. చెక్క, దాని మీద దళసరి తోలు గానీ ఫెల్టు గానీ అంటించి, మధ్యలో కొద్దిగా పల్లంగా ఉండేలా చేయించుకుంటే మొన అక్కడే ఆగి విరుగుతుంది. డాలుని చేత్తో పట్టుకోరు, ఎడమ చేయి పగ్గాలది. ఛాతీ కవచానికి రంధ్రాలు వేసి, తాడుతో భుజం మీద వేలాడదీసి, వెనక 20 మి.మీ. మెత్త పెట్టాలి.

బల్లెం

సెట్టు మొత్తంలో డబ్బుకి తగిన వస్తువు ఇదొక్కటే, అదీ రెండు మార్పులతో. వెనక పైన్ కర్ర, మధ్యలో లోహపు గొట్టం, ముందు బాల్సా మొన. మొత్తం పొడవు 3 మీటర్ల పైచిలుకు. ప్రతి పరుగుకీ బాల్సా విరుగుతుంది, కర్ర మిగులుతుంది.

మొదటి మార్పు, చివరన బిగించి ఇచ్చే మూడు కొమ్మల ఇనుప కిరీటం తీసేయండి. గట్టి కర్ర బల్లెంతో ఆడినప్పుడు మొన డాలుని పట్టుకోవడానికి పెట్టుకున్నది అది. బాల్సా చివర దానికి పనేమీ లేదు, పైగా కర్ర విరగ్గానే ఆ ఇనుప ముక్క విడిగా ఎగిరి ఎవరి మీదో పడుతుంది. రబ్బరు టోపీ తొడగండి, లేదా తోలు చుట్టి టేపు వేయండి.

రెండోది, ప్రతి బాల్సా కడ్డీనీ తూకం వేయండి. బాల్సా అన్నీ ఒకటి కావు. సగటు సాంద్రత ఘనపు మీటరుకి 160 కిలోల దగ్గర ఉంటుంది, గట్టి రకాలు 200 దాటిపోతాయి. 30 మి.మీ. లావు, 90 సెం.మీ. పొడవు కడ్డీ అయితే దాదాపు 100 గ్రాములు తూగాలి. 140 గ్రాములు దాటింది విరగాల్సిన చోట విరగదు, దాన్ని గుంజకి వేలాడే దిమ్మ మీద సాధనకి పక్కన పెట్టేయండి. తూకం అయ్యాక చెక్క పీచు చూడండి. పొడవునా నేరుగా నడిచిన పీచు కావాలి. ఏటవాలుగా బయటికి వచ్చేసిన పీచు ఉంటే కడ్డీ ఏటవాలుగానే విరిగి, చేతిలో మిగిలే మొండి ముక్క సూదిగా తయారవుతుంది. అలాంటివి డజనులో ఒకటి రెండు వస్తాయని అనుకునే ఆర్డరు పెట్టండి. బాల్సా తేమ పీల్చుకుంటుంది కూడా. వానలో తడిసిన కడ్డీ బరువెక్కి, విరగడానికి బదులు వంగుతుంది, కాబట్టి మూత ఉన్న గొట్టంలో పెట్టి పొడిగా ఉంచండి.

కడ్డీ గొట్టంలోకి చేత్తో తోస్తే దిగాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. వదులుగా ఉంటే మాస్కింగ్ టేపు ఒకటి రెండు చుట్లు చాలు. కొందరు సుత్తితో కొట్టి దించుతారు. అప్పుడు విరిగిన మొండి ముక్క లోపల బిగుసుకుపోయి, తర్వాతి పరుగుకి తీయడానికి డ్రిల్లు వేయాల్సి వస్తుంది.

పైన్ కర్రలో గొట్టం మొదలయ్యే చోటా, చేతికవచం పళ్లెం దగ్గరా ముడులు ఉండకూడదు. ఆ రెండు చోట్లే ఒత్తిడి ఎక్కువ. పళ్లేన్ని సెట్టులో ఒక్క స్క్రూతో నిలబెట్టారు, అది వదులైతే పళ్లెం జారి వేళ్ల మీద పడుతుంది. వెనక చెక్క రింగు అంటించి ఆపు చేయండి.

బల్లెం ముక్కు బరువు. పట్టు వెనక భాగం పొట్టిగా ఉండడంతో, గుర్రం క్యాంటర్‌లోకి, అంటే మధ్యరకం పరుగులోకి, రాగానే మొన ఊగుతూ కిందకి వాలుతుంది. వాలిన మొన కంచెకి తగిలితే రౌతు కిందపడతాడు, ఎదుటి గుర్రానికి తగిలితే అంతకన్నా ఘోరం. కర్ర మడమ వైపు లోపల తొలిచి 300–500 గ్రాముల ఇనుప కడ్డీ దింపితే ఊపు చాలావరకు తగ్గుతుంది.

జీను

వెనక్కి పంపండి. లోపం ఆకారంలో లేదు, ముందు వెనకలు ఎత్తుగా, చిత్రాల్లో చూసినట్టే ఉంది. లోపలి చట్రం ఒకే సైజు, అన్ని గుర్రాలకీ అదే. మూపుకీ జీను కమానుకీ మధ్య, రౌతు కూర్చున్నాక కూడా మూడు వేళ్ల ఖాళీ ఉండాలి, వెన్నెముక పొడవునా వెలుతురు కనిపించాలి. ఎత్తయిన మూపున్న గుర్రం మీద ఈ జీను నేరుగా ఎముక మీద కూర్చుంటుంది. వెడల్పు వీపు మీద అయితే రెండు అంచులూ కండరంలోకి దిగుతాయి. కవచంతో కూర్చున్నాక ఆ తప్పు రెట్టింపవుతుంది.

లెక్క చూడండి. 75 కిలోల మనిషి, 30 కిలోల కవచం, 12 కిలోల జీను, మిగతా సామాను 5 కిలోలు, మొత్తం 122. గుర్రం తన బరువులో 20 శాతానికి మించి మోయకూడదన్న వాడుక నియమం ప్రకారం దీనికి 610 కిలోల గుర్రం కావాలి. అంత గుర్రానికి ఈ చట్రం ఇరుకు.

వెనక వాలు ఇంకో సమస్య. అది తుంటి ఎముకల ఎత్తు దాకా ఉండి వెనక్కి పడకుండా ఆపాలి, చుట్టూ తిరిగి తుంటిని పట్టేయకూడదు. ఈ జీనులో పట్టేస్తుంది. పడాల్సిన దెబ్బకి పడకపోతే నడుమే విరుగుతుంది. ఛాతీపట్టీ విడిగా కొనుక్కోమంటారు, కానీ అది లేకుండా తొలి గట్టి దెబ్బకే జీను వెనక్కి జరుగుతుంది. రికాబులు కాలి ఇనుప తొడుగు కన్నా 2–3 సెం.మీ. వెడల్పు ఎక్కువ ఉండాలి, సెట్టువి మామూలు బూటుకే సరిపోయేవి. పడ్డప్పుడు కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోవడం అక్కడే మొదలవుతుంది. గుర్రం వీపు కొలిచి చట్రం అమర్చే జీనుపనివాళ్ల దగ్గర చేయించుకోవడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

బట్టలు, గుర్రం అలంకరణ

బొంతకోటు, అంటే గాంబిసన్, కుట్టు బాగుంది. పైన కాన్వాసు, లోపల పాలియెస్టర్ దూది. పత్తి గానీ ఉన్ని గానీ నింపినది అడిగితే ఇస్తారు, అడగండి. పాలియెస్టర్ చెమట పీల్చదు, కవచం కింద ఉడికిపోతారు. చంకల్లో కుట్టు మూసేసి ఉంది. అక్కడ విప్పి వదిలేయాలి, లేకపోతే బల్లెం చంకలో పెట్టినప్పుడు కోటు మొత్తం లేచి భుజం కవచాన్ని చెవుల దాకా నెడుతుంది.

దాంతోపాటు ఎర్ర శిలువ ఉన్న పొడుగు పైబట్ట ఒకటి ఉచితంగా వస్తుంది. అది 12, 13 శతాబ్దాల క్రూసేడు తరహాది, కప్పనోరు హెల్మ్ 15వ శతాబ్దపుది. కాలం పట్టింపు ఉన్న మేళాల్లో ఈ జోడీ చూసి గేటు దగ్గరే నవ్వుతారు. ఏదో ఒక కాలానికి కట్టుబడండి.

గుర్రానికి కప్పే కాపరిసన్ రంగులు చూడముచ్చటగా ఉన్నాయి, పొడవు ప్రమాదకరంగా ఉంది. అంచు గిట్టల దగ్గరిదాకా వేలాడుతుంది. నడకలో ఏమీ కాదు, క్యాంటర్‌లో వెనక డెక్క ఆ అంచుని తొక్కుతుంది. మోకాలి కిందకి ఒక బెత్తెడు మించకుండా కత్తిరించి అంచు మడిచి కుట్టండి, ముందు రొమ్ము దాకా చీలిక పెట్టండి. కట్టే తాళ్లు లాగితే తెగేంత పలచగా గానీ, వెల్క్రోతో గానీ ఉండాలి. ఎడమ వైపు బట్ట కంచె పక్కనే పోతుంది కదా, పలక చివరో మేకో తగిలితే బట్ట ఊడిపోవాలి, గుర్రం ఆగకూడదు. కళ్ల రంధ్రాలు కనీసం అరచేయంత చేయండి. గుర్రం పక్కకీ వెనక్కీ చూస్తుంది, ముందుకి మాత్రమే కాదు.

బట్ట అలవాటు చేయడం మరో పని. ముందు మడతపెట్టి వీపు మీద వేసి నడిపించండి, తర్వాత తొడల మీదకి విప్పండి, తర్వాతే పూర్తిగా, ఆపైన గాలి వీచే రోజున. తొడలకి బట్ట తగిలి చప్పుడైతే తన్నే గుర్రాలు ఉంటాయి. అలాంటిదాన్ని తొందరపెట్టకుండా ముందు వైపు బట్టతోనే కొన్నాళ్లు తిప్పడం మేలు.

ముఖకవచం 1.2 మి.మీ. రేకు, లోపల ఏమీ లేదు. 10 మి.మీ. ఫెల్టు అంటించి, కంటి పైన ఎముకని తాకుతున్న అంచుని బయటికి వంచండి. నుదుటి కొమ్ము ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి, గుర్రం తల విదిలిస్తే అది తగిలేది రౌతు చేతికీ పక్కన నిలబడ్డవాళ్లకీ.

ఉంగరాల ఆట మాత్రమే ఆడాలనుకునేవాళ్లకి ఈ సెట్టు అసలు అక్కర్లేదు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1962 నుంచి రాష్ట్ర క్రీడగా ఉన్న జౌస్టింగ్ వేలాడే ఉంగరాలని బల్లెంతో ఎత్తుకెళ్లేదే, ఒంటి మీద కవచం ఉండదు. క్రొయేషియాలోని సీన్ పట్టణపు ఆల్కా పోటీలోనూ లక్ష్యం ఇనుప ఉంగరమే. అలాంటి ఆటకి మొన సన్నగా ఉండే తేలికపాటి బల్లెం, ఒంటికి సరిపోయే జీను, ఒక్క చేత్తో పగ్గాలకి లొంగే గుర్రం ఉంటే చాలు. మనిషి మీద మనిషి ఆడాలనుకునేవాళ్లు కూడా ముందు ఉంగరాలు, తర్వాత గుంజ మీద తిరిగే దిమ్మ, ఆ తర్వాతే కంచె దగ్గరికి రావడం మంచిది. ఆ క్రమంలో హెల్మ్ అవసరం చివర్లోనే వస్తుంది, మార్పులు చేయించుకోవడానికి టైము కూడా దొరుకుతుంది.

సెట్టు కాకుండా విడిగా కొంటామంటే చాలామంది ఒప్పుకుంటారు. బల్లెం, బొంతకోటు, కాపరిసన్ తీసుకోండి. హెల్మ్ తీసుకునే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ముందు రేకు మందం ఎంత, పై అంచు కన్నా కింది పెదవి ఎన్ని మిల్లీమీటర్లు ముందుకి ఉంది, ఛాతీ కవచానికి దేనితో బిగిస్తారు. మొదటిదానికి 2 మి.మీ. కన్నా తక్కువ చెప్పినా, మూడోదానికి తోలు పట్టీ అని చెప్పినా, పక్క నుంచి తీసిన ఫొటో పంపడానికి వెనకాడినా హెల్మ్‌ని జాబితాలోంచి కొట్టేయండి. మిగతా కవచం ముక్కల తోలు పట్టీలు ఎలాగూ మార్చాల్సినవే, అవి రెండు పలచటి పొరలు జిగురుతో కలిపినవి. ఆర్డరులోనే 25 మి.మీ. గట్టి తోలు పట్టీలు, అదనపు బకిళ్లు, సీలలు రెండేసి జతలు కలిపి అడిగితే సాధారణంగా కాదనరు.